పిడికిలి జొన్నలు

భవాని పేట్‌లో నలభై మగ్గాల ఇళ్ల ఆడవాళ్లు రోజూ వంటకు ముందు ఒక పిడికెడు జొన్నలు పక్కన పెట్టేవారు. సోమవారం సుందరాబాయి ఇల్లిల్లూ తిరిగి వాటిని ఒకే గోనెలో పోసుకునేది. మంగళవారం పొద్దున్నే ఆ గోనె బండిలో హోట్గి రోడ్డు మీదుగా ఊరి బయటి రాళ్ల గనికి వెళ్లేది. పాలమూరు కరువుకు వలస వచ్చిన తొమ్మిది కుటుంబాలు అక్కడ రాళ్లు కొట్టుకు బతుకుతున్నాయి. పిల్లను బడికి పంపిన ఇంటికి రెండు శేర్లు. బడి అంటే రేకుల పాక. చూపు తగ్గి మగ్గం మానేసిన రాజారాం అక్కడ పంతులు; గోనె విప్పి పంచేదీ ఆయనే.

1938 భాద్రపదంలో ఒక మంగళవారం, బండి వెళ్లిపోయిన కాసేపటికి కళావతి పరుగున వచ్చింది. నేతపని నర్సప్పకు భార్యై ఆ పేటకు వచ్చి ఆరు నెలలే. 

"అక్కా, నేను ఇచ్చినయి తినే జొన్నలు కావు. విత్తనాలు. మైలుతుత్తంల నానేసినయంట."

ముందురోజు ఇంట్లో జొన్నలు నిండుకున్నాయి. వాకిట్లోకి వచ్చిన సుందరాబాయిని ఉత్త చేతులతో పంపడానికి సిగ్గుపడి, కళావతి మూలనున్న సంచిలోంచి చేటెడు తీసి పోసింది. అది బావమరిది చేను కోసం నర్సప్ప తెచ్చి ఉంచిన విత్తనం. కాటుక తెగులు రాకుండా మందు పట్టించినది. సంచి తగ్గిందేమని నర్సప్ప అడిగేదాకా ఆమెకు ఆ సంగతే తెలియదు.

సుందరాబాయి చెంగు నడుముకు బిగించింది. గోనెలో గింజ గింజా కలిసిపోయి ఉంటుంది. ఏ ఇంటికి ఎంత విషం పోయిందో ఎవరు చెప్పగలరు?

"నడువు," అంది. "ఏడ్సుడు తర్వాత."

ఒక టాంగావాడు గని దారి మొదటి దాకా దించాడు. అక్కడి నుంచి మైలు దూరం, ఎండలో, రాళ్ల మీద. కళావతి చెప్పు తెగితే వదిలేసి నడిచింది. తొమ్మిది గుడిసెల నుంచీ పొగ లేస్తుందేమోనని ఇద్దరూ దూరం నుంచే చూస్తున్నారు. ఒక్క గుడిసె మీదే కనిపించింది.

రాజారాం అప్పటికే పంచేశాడు. విషయం చెప్పగానే ఆయన, వండొద్దని చెప్పమని పిల్లల్ని ఇళ్లకు తరిమి, తాను కర్ర ఊతంతో వెనకే బయలుదేరాడు. ఎనిమిది ఇళ్లలో జొన్నలు ఇంకా విసరలేదు. అయినా ఇవ్వడానికి మనసొప్పక ఒక్కొక్కరూ మూట కడుపుకు హత్తుకున్నారు. ఇచ్చినట్టే ఇచ్చి గుంజుకుంటారా అని ఒకామె అడిగింది. సుందరాబాయి గింజలు అరచేతిలో పోసి, వాటికి అంటిన నీలి జీర చూపించాల్సి వచ్చింది.

పొగ లేచింది యల్లమ్మ ఇంట్లో. విసిరే ఓపిక లేక ఆమె గుగ్గిళ్లు ఉడకేసింది. కూతురు మంగళ రెండు పిడికిళ్లు తిని, అప్పటికే వాంతి చేసుకుని గోడకు ఒరిగి ఉంది. సుందరాబాయి కుండ బోర్లించింది. గొర్రెల కాపరి దగ్గర పాలు తెచ్చి గుక్క గుక్కగా పట్టించారు. పిల్ల మళ్లీ కక్కింది. మళ్లీ పట్టించారు.

మిగతా ఇళ్లవాళ్లు వాకిట్లో గుమిగూడారు. ఈ పూటకు ఏం తినాలని వాళ్లు అడగలేదు కానీ, అందరి చూపులూ తిరిగి తీసుకుని కట్టిన మూటల మీదే ఉన్నాయి. వేరే జొన్నలు తెస్తానని సుందరాబాయి చెప్పింది. యల్లమ్మ నమ్మలేదు.

"పోయినోళ్లు మళ్ల వస్తరా?"

కళావతి పిల్ల తల తన ఒళ్లోకి తీసుకుంది. "నేనే పోసిన విషం. అక్క వచ్చేదాక నేను ఈడికెల్లి కదల."

యల్లమ్మ ఆమెను తిట్టలేదు. పక్కన కూర్చోనూ లేదు. మధ్యాహ్నమంతా గుమ్మంలో నిలబడి, కూతురి రొమ్ము లేచి పడడాన్నే చూస్తూ ఉంది. కళావతికి ఆ చూపు కంటే తిట్లే నయమనిపించింది. పొద్దు వాలేవేళకు మంగళ కళ్లు తెరిచి మంచినీళ్లు అడిగింది. చీకటి పడకముందే సుందరాబాయి బండి వచ్చింది. పేటలో ప్రతి ఇల్లూ ఆ పూట వండుకునేదాంట్లోంచి తీసి ఇచ్చింది.

మర్నాడు ఎనిమిది మంది పిల్లలు బడికి వచ్చారు. మంగళ రాలేదు. బడికి రాని ఇంటికి జొన్నలు ఇవ్వొద్దన్నది సుందరాబాయి పెట్టిన నియమమే, అయినా ఆమె యల్లమ్మ వాటా ఆపలేదు. ప్రతి మంగళవారం కళావతి బండితో వెళ్లి, యల్లమ్మ గుమ్మంలో రెండు శేర్లు పోసి, అందులోంచి నాలుగు గింజలు ఆమె ఎదుటే నమిలి వచ్చేది. యల్లమ్మ గుమ్మంలో నిలబడి చూసేది. ఐదో వారం గుమ్మంలో ఎవరూ లేరు. కళావతి గోనె అక్కడే వదిలేసింది. పాక వైపు పరుగెత్తింది. మంగళ పలక పట్టుకుని రాజారాం ముందు కూర్చుని ఉంది.