ఆకుపచ్చ ఓడలు కదలవు

అన్నయ్య డాబా మీంచి పడి చనిపోయిన సాయంత్రం నేను ఇంట్లోనే ఉన్నానని పోలీసులకు చెప్పాను. అబద్ధం. అతని పక్కనే ఉన్నాను.

మూడు వారాలు ఆగి మళ్లీ మా ఆట మొదలుపెట్టిన రోజు వదిన వచ్చింది.

ఆదివారం పొద్దున పళ్ల డాక్టరుగారి క్లినిక్‌లో ఆడతాం. బల్ల మీద పటం, నాలుగు రాజ్యాలు. పాచికలుండవు. ముందు పావుగంట ఇద్దరిద్దరుగా పక్కకెళ్లి మంతనాలు. ఆపైన ఎవరి ఆజ్ఞలు వాళ్లు చీటీ మీద రాసి దూది డబ్బాలో వేస్తారు. డాక్టరుగారు పైకి చదువుతారు. రాసింది జరిగి తీరాలి. నోటిమాటకు మాత్రం పూచీ లేదు. వెన్నుపోటు కూడా ఆటే.

వదిన అన్నయ్య కుర్చీలో కూర్చుంది. అతని ఆకుపచ్చ రాజ్యం ఇక ఆమెది.

"ఎత్తంటే కళ్లు తిరిగే మనిషి డాబా ఎందుకెక్కాడో నాకు తెలియాలి. ఆయన మనసెప్పుడూ ఈ పటం మీదే కదా. అందుకే వచ్చా."

మాలో నాలుగోవాడైన లిఫ్టు మెకానిక్ ఆమె వైపు వంగాడు.

"ఒక్కటి గుర్తుపెట్టుకోండి వదినగారూ. డాక్టరుగారి మాట నమ్మితే నట్టేట మునిగినట్టే."

"నువ్వు మాత్రం సత్యసంధుడివి! పోయినసారి నా రేవు మింగి తేన్చలేదూ?" అన్నారు డాక్టరుగారు.

మెకానిక్‌తో పాటు నేనూ నవ్వాను. చేతులు మాత్రం బల్ల కింద దాచుకున్నాను.

ఆ సాయంత్రం అన్నయ్యను డాబా ఎక్కించింది నేనే, ఎవరూ వినకూడదని. తర్వాతి ఆటకు ఎత్తు వేశాం. అతని ఆకుపచ్చ ఓడలు కదలవు. నా ఎర్ర సైన్యాలు దక్షిణ తీరం వదిలేసి ఉత్తరాన డాక్టరుగారి మీద పడతాయి. చేతులు కలిపాం. "ఈసారి ముంచనులేరా," అని నవ్వాడు. నన్ను ముంచిన ప్రతిసారీ అలాగే నవ్వేవాడు. ఆ నవ్వుకే ఒళ్లు మండి నెట్టాను. పిట్టగోడ మోకాలెత్తే.

మంతనాల గంట మోగింది. వదిన కుర్చీలోంచి లేవలేదు.

"నాకవి చేతకావు. మీరు కానివ్వండి."

పొరుగు రాజ్యంతో ఒక్క మాటైనా అనుకోకుండా తీరం ఖాళీ చేసే మూర్ఖుడు మాలో లేడు. దక్షిణాన కాపలా ఉంచాలనే కలం తీశాను. చెవి వెనక చల్లగా ఊపిరి తగిలింది.

"దక్షిణం నేను చూసుకుంటాగా, తమ్ముడూ."

గిరుక్కున తిరిగాను. గోడ, దాని మీద దవడ బొమ్మ. అంతే. మళ్లీ చీటీ వైపు చూస్తే, ఆజ్ఞ రాసేసి ఉంది. నా రాతే. వేళ్లు దాన్ని మడిచి డబ్బాలో పడేశాయి.

డాక్టరుగారు ఒక్కొక్కటే చదివారు.

"ఎర్ర సైన్యాలు మూడూ ఉత్తరానికి."

"దక్షిణం గాలికొదిలేశావా? మతిగానీ పోయిందా?" అన్నాడు మెకానిక్.

చివరి చీటీ విప్పారు. "ఆకుపచ్చ ఓడలు కదలవు. ఇచ్చిన మాట ప్రకారం."

వదిన చెయ్యి చాపి చీటీ తీసుకుంది. అక్షరాల మీద వేలు పెట్టి చూసింది. గదిలో క్రిమిసంహారక మందు వాసనను తోసుకుంటూ అన్నయ్య తలనూనె వాసన వచ్చింది. నాకొక్కడికే కాదు, మెకానిక్ ముక్కు ఎగబీల్చి చుట్టూ చూశాడు.

"మొదటి ముక్క నేనే రాశాను, ఆట తెలియక. రెండోది నాది కాదు. ఇది ఆయన రాత," అంది వదిన. "ఎవరికిచ్చిన మాట?"

జవాబు పటమే చెప్పింది. డాక్టరుగారి రేవుకు కాపలా ఉంది. మెకానిక్ రేవుకూ ఉంది. ఆకుపచ్చ ఓడల ఎదురుగా ఒక్క నా దక్షిణ తీరమే ఖాళీ.

డాక్టరుగారు కళ్లజోడు తీసి నా వైపు చూశారు. "మీ అన్నయ్య పోయిన రోజు పొద్దున ఆట ముగిసేదాకా మీరిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. సాయంత్రం నువ్వు ఇంట్లోనే ఉన్నానన్నావు. మరి ఎప్పుడు మాట్లాడుకున్నారు?"

మెకానిక్ లేచి తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు.

వదిన గొంతు పెంచలేదు. "ఎక్కడ మాట్లాడుకున్నారు, మరిదీ?"

ఎన్నో ఆటల్లో మాట తప్పిన అన్నయ్య ఈసారి నిలబెట్టుకున్నాడు.

"డాబా మీద," అన్నాను.