పసుపు అంటిన 'అన్'

నేను ఒక శుభలేఖ ముక్కను. ఓ మూల పసుపు ఇంకా అలాగే ఉంది. ఎవరి పెళ్లిదో మిగిలిపోతే, తడ ఊళ్లో ఇంగ్లీషు ట్యూషన్లు చెప్పే చెంచులక్ష్మి టీచరు నన్ను కత్తిరించి, వెనక ఎర్ర సిరాతో 'అన్' అని రాసింది. మాట ముందు నిలబడి దాన్ని కాదనడం నా పని. కైండ్ ముందు చేరితే దయ పోతుంది, లక్కీ ముందు చేరితే అదృష్టం పోతుంది. పెళ్లికి పిలవాల్సినదాన్ని, గుమ్మంలో తుమ్మే ఉద్యోగంలో చేరాను.

నాతో కుస్తీ పట్టింది వెన్‌జింగ్. దగ్గర్లోని ఫ్యాక్టరీలో పనికి చైనా నుంచి వచ్చింది. కంపెనీ పెట్టే ఇంగ్లీషు పరీక్షలో నెగ్గితే కొత్తవాళ్లకు పని నేర్పే ఉద్యోగం ఇస్తారు, తప్పితే సామాను సర్దుకోవాలి. ఆమెకు ఈ ఊరు వదలాలని లేదు. వాళ్ల భాషలో చాలావాటిని కాదనడానికి ముందు 'బు' అంటే సరిపోతుందట. ఇంగ్లీషుకు నేనొక్కదాన్ని చాలక ఇన్, ఇమ్, డిస్ అని తోడికోడళ్లు కూడా ఉన్నారు.

మాటలు రాసిన ముక్కలు బల్ల మీద పేర్చేటప్పుడు ఎవరూ మాట్లాడకూడదని టీచరు నియమం. వెన్‌జింగ్ నన్ను హ్యాపీ ముందు పెట్టేది. టీచరు మెచ్చుకోలుగా తల అటూ ఇటూ ఊపేది. వెన్‌జింగ్ గతుక్కుమని నన్ను తీసేసి డిస్‌ను పెట్టేది.

"ఇదేందమ్మా, సరిగ్గా పెట్టిందాన్ని తీసేస్తివే!" అని టీచరు నియమం మరిచి తెలుగులో నెత్తి కొట్టుకునేది. మళ్లీ నన్ను తెచ్చి పెట్టి ఇంకా గట్టిగా తల ఊపేది. వెన్‌జింగ్ కళ్లనీళ్లు పెట్టుకునేది. నేను ఒప్పో తప్పో నాకే తెలియక మతి పోయేది.

పరీక్ష ముందటి ఆదివారం వెన్‌జింగ్ టీచరింట్లోనే భోంచేసింది. టీచరు అత్తగారు గరిటెతో వచ్చి, "ఇంకొంచెం పులుసు పోసేదా?" అంది. టీచరు తల అటూ ఇటూ ఊపింది. అత్త పోసేసింది, టీచరు కమ్మగా కలుపుకుంది. వెన్‌జింగ్ చేతిలో ముద్ద ఆగిపోయింది.

"దిస్... యెస్?" అని తానూ తల ఊపి చూపించింది.

"అయ్యో నా తల్లీ! ఇన్నాళ్లూ నేను ఒప్పంటావుంటే నువ్వు తప్పనుకుంటివా!"

ఆనాటి నుంచి టీచరు తన గడ్డం తానే పట్టుకుని మరీ తలను పైకీ కిందికీ ఆడించడం నేర్చుకుంది. పరీక్ష గదిలో ఆఫీసర్ల తలలు అటూ ఇటూ ఊగుతున్నా, వెన్‌జింగ్ నన్ను గుప్పిట్లో బిగించి ఒక్క జవాబూ మార్చలేదు. నెగ్గింది.

మిఠాయి తెచ్చిన రోజు నన్ను తిరిగి బల్ల మీద హ్యాపీ ముందు పెట్టింది. "పరీక్ష అయిపోయిందిగా, ఇక మీదట కూడా మా ఇంటికి వస్తుంటావా?" అని టీచరు ఇంగ్లీషులో అడిగింది. వెన్‌జింగ్ మనవాళ్లలాగే తల అటూ ఇటూ ఊపింది. ఆమె పద్ధతికి అలవాటు పడిన టీచరు అది 'రాను' అనుకుని ముఖం చిన్నబుచ్చుకుంది.

వెన్‌జింగ్ నవ్వి, నన్ను తీసి అవతల పెట్టింది. బల్ల మీద హ్యాపీ ఒక్కటే మిగిలింది. నన్నెందుకు తీశారో నాకు అర్థమవడం అదే మొదలు.

టీచరు కళ్లు తుడుచుకుని వంటింటి వైపు కేకేసింది: "అత్తా, ఇంకో కంచం పెట్టు!"