ఉప్పునీళ్ళు తాగిన ఒర

నేను ఒక కత్తిపీటను. మీరు అంతవరకు తెలుసుకుని ఊరుకుంటే నాకు క్షేమం. కానీ వయసు మీద పడ్డాక నోరు ఆగదు కదా, చెప్పేస్తాను. పక్కన ఎవరూ లేరు గదా?

నేను పుట్టింది వంటింటికి కాదు. సముద్రాల అవతల, ఫ్రెంచివాళ్ళ దేశంలో, ఏటి నీళ్ళతో సానరాళ్ళు తిప్పే ఒక లోయలో, గుర్రపురౌతు నడుముకి వేలాడడానికి పుట్టాను. నాకు ఇత్తడి పిడి, చేతికి అడ్డంగా మూడు కమ్మీలు, ఇనుప ఒర. కళ్ళజోడు పెట్టుకున్న ఒకాయన నన్ను వంచి చూసి, దుంగ మీద కొట్టి చూసి, నా మొదట్లోనూ పిడి మీదా ఒకే రకం చిన్న ముద్ర గుద్దాడు. ఇంకొకడు నా వెన్ను మీద సన్నటి ఉలితో పొడుగ్గా ఏదో చెక్కాడు. ఏం చెక్కాడో నాకు తెలియదు. నాకు చదువు రాదు, పైగా ఎవరి వీపు వాళ్ళకి కనబడదు. ఏ పాపం రాసి పంపాడో అని రెండు వందల ఏళ్ళు బెంగపడ్డాను.

నేను చూసిన యుద్ధం ఒక్కటే. దాన్ని వాళ్ళు ఏ పేరు పెట్టి పిలిచారో గాని, నాకు గుర్తున్నవి గుర్రాల కళ్ళు. తెల్లగుడ్లు బయటపడి, ఎటు పోవాలో తెలియక తిరిగే కళ్ళు. ఆ రోజు నుంచి నాకు భయం పట్టుకుంది. కత్తికి భయమేమిటని నవ్వకండి. మనిషి కోపం వస్తే అరుస్తాడు, ఏడుస్తాడు, కాసేపటికి మరచిపోతాడు. ఆ కోపం చేసిన పని మాత్రం మా ఒంటికి అంటుకుని ఉంటుంది.

తర్వాత ఓడెక్కి యానాం వచ్చాను. నన్ను తెచ్చిన దొర జ్వరంతో మంచం పట్టినప్పుడు గోదావరి అవతలి లంకలోని ఒక రాజుల కుటుంబం గంజి కాచి పోసింది. పోతూ పోతూ నన్ను వాళ్ళ చేతిలో పెట్టాడు. అప్పటి నుంచి ఆ ఇంటి హాల్లో మేకుకి వేలాడాను. దసరాకి కుంకుమ బొట్టు, పసుపు నీళ్ళు. మిగతా రోజుల్లో బల్లులు. బాగానే ఉంది, నన్ను ఎవరూ తీయనంత కాలం.

వెంకటపతిరాజుగారి కాలంలో తీశారు. గేదెని సరిగా కట్టలేదని పాలేరు ముంజేతి మీద నన్ను వేశాడాయన. చెయ్యి నిలిచింది గాని పిడికిలి మళ్ళీ మూసుకోలేదు. ఆ రక్తం కడగమని నన్ను కొత్తకోడలి ముందు పడేశారు. ఆ పిల్ల పేరు సుభద్రయ్యమ్మ, పద్నాలుగేళ్ళది. చింతపండు పెట్టి తోముతుంటే ఆమె వేళ్ళు ఒణికాయి. ఆ ఒణుకు నాలోకి ఎక్కింది. ఇద్దరం ఒకేసారి భయపడ్డాం, అందుకే ఆమె అంటే నాకు అంత ఇది.

మామగారు పోయాక మేకూ నేనూ ఆమె భర్త లచ్చింరాజుగారి వంతుకి వచ్చాం. మంచివాడే, కోపం మాత్రం తండ్రిది. గోడ అవతలి ఇల్లు తమ్ముడు రామభద్రరాజుది. ఇద్దరి చేలకీ ఒకటే బోదె. ఎవరి వంతు నీళ్ళు ఎవరు మళ్ళించారని ప్రతి ఊడ్పులకీ రగడ. ఒక సాయంత్రం లచ్చింరాజుగారు అన్నం తింటూ, "ఈసారి నా నీళ్ళు తిప్పాడా, కత్తి దూస్తాను," అన్నాడు. అరిచి చెప్పలేదు. అన్నంలో చారు కలుపుకుంటూ చెప్పాడు. సుభద్రయ్యమ్మ గరిట అక్కడే ఆగింది.

మర్నాడు ఆయన విత్తనాలకి రామచంద్రపురం వెళ్ళగానే నన్ను పాత చీరలో చుట్టి, ఊకబుట్టలో పెట్టి కమ్మరి వీరాచారి కొలిమికి మోయించింది.

"అమ్మగారూ, రాజుగారికి తెలిస్తే నన్నిదే కొలిమిలో పెడతారండి," అన్నాడు వీరాచారి.

"ముందు నన్ను పెడతారులే. నీ వంతు వచ్చేసరికి బొగ్గులు అయిపోతాయి," అంది.

నన్ను ఎర్రగా కాల్చి, ఉలి పెట్టి రెండు ముక్కలు చేశాడు. చావంటే ఇదే అనుకున్నాను. కొన ముక్క కల్లుగీత కత్తి అయిందట, ఏ తాడిచెట్టు మీద ఉందో. మొదటి ముక్కని, అంటే నన్ను, పనసచెక్క పీటకి బిగించాడు. నా పిడికి మాత్రం బండిచక్రం ఇనుప పట్టా ముక్క సాగగొట్టి తగిలించి ఒరలో దోపాడు. పైకి చూస్తే ఎప్పటి కత్తే.

ఇంటికొచ్చి సుభద్రయ్యమ్మ ఇంకో పని చేసింది. గిన్నెడు కళ్ళుప్పు కరిగించి, ఆ నీళ్ళు ఒరలో పోసి మేకుకి తగిలించింది. వర్షాలు మొదలయ్యేసరికి లోపల ఇనుమూ ఇనుమూ ఒకటైపోయాయి.

రగడ రానే వచ్చింది. పగటిపూట, కూలీలందరి ముందు. లచ్చింరాజుగారు హాల్లోకి ఉరికి కత్తి లాక్కుని వాకిట్లోకి దూకాడు. ఎదురుగా తమ్ముడు పార పట్టుకుని నిలబడ్డాడు. నేను వంటింట్లో బెండకాయల మధ్య ఉన్నాను, కదల్లేను. దూస్తాడు, రాదు. కాలితో ఒర తొక్కిపట్టి లాగాడు, రాదు. మొహం కందిపోయింది. చివరికి రామభద్రరాజే పార కింద పెట్టి, "అన్నయ్యగారండీ, తర్వాత నరుకుదురుగాని, ముందు మజ్జిగ పుచ్చుకోండి," అన్నాడు. కూలీలు నవ్వారు. మజ్జిగ ఇచ్చింది సుభద్రయ్యమ్మే. గ్లాసు తొణక్కుండా రెండు చేతులా పట్టుకుని ఇచ్చింది.

అది జరిగి యాభై అయిదేళ్ళు. అన్నాళ్ళూ నేను కంద తరిగాను, పనసపొట్టు కొట్టాను, చేప ముక్కలు కోశాను. ఆడవాళ్ళు నా అంచుకి సాన పట్టేవారు గాని వెన్ను జోలికి ఎవరూ రాలేదు. భయం పోయిందనుకున్నాను.

ఎనభై నాలుగో ఏట లచ్చింరాజుగారికి ఒక కోరిక పుట్టింది. కాకినాడలో మ్యూజియం పెడుతున్నారట, ఇంటి పేరుతో కత్తి అక్కడ ఉండాలి. అసలుదో కాదో తేల్చడానికి వాళ్ళు ఫర్హత్ అనే ఆవిణ్ణి పంపారు. నలభై ఏళ్ళుంటాయి, మెడలో భూతద్దం. చోద్యం చూడడానికి గోడ అవతలి తమ్ముడు కూడా వచ్చి కుర్చీ వేసుకున్నాడు. సుభద్రయ్యమ్మ వంటింట్లో నా మీద పాదం వేసి కూర్చుంది. కంద చేతిలో ఉంది, తరగడం లేదు.

"పిడి ఫ్రెంచిదేనండి, గుర్రపుదళానిది. ఇదిగో తనిఖీ ముద్ర," అని ఫర్హత్ గొంతు వినిపించింది. "లోపలి అలుగు మీద, అంటే కోసే రేకు మీద కూడా ఇదే ముద్ర ఉండాలి. వెన్ను మీద ఊరు, నెల, సంవత్సరం చెక్కి ఉంటాయి. నకిలీ చేసేవాళ్ళు ఎక్కువగా దొరికిపోయేది అక్కడే."

"మాది దొరికిపోదు. కానీ ఒర పట్టేసిందమ్మా, రాదు," అన్నాడు లచ్చింరాజుగారు.

"కిరసనాయిలు పోస్తే రెండు గంటల్లో వదులుతుందండి. ఇన్నేళ్ళలో ఎవరూ పోయలేదా?"

"గూట్లో సీసా ఉంది, చూడమ్మా," అన్నాడాయన.

కిరసనాయిలు వాసన వంటింటి దాకా వచ్చింది. చెక్కసుత్తితో టక్కుటక్కుమని మెల్లగా తట్టే చప్పుడు. ఒక్కో దెబ్బకీ సుభద్రయ్యమ్మ బొటనవేలు నా పీట మీద బిగుసుకుంటోంది. నన్ను పట్టుకెళ్ళి ఆ పిడికి అతుకుతారు. మళ్ళీ మేకు. మళ్ళీ ఏదో ఒక చారు అన్నం పూట, మెల్లగా పలికే ఒక గొంతు. దేవుడా, నన్ను తుప్పు పట్టించు అని మొక్కుకున్నాను.

కిర్రుమంటూ ఒర వదిలింది.

"ఇది బండి పట్టా అండి. మేకుల చిల్లులు కూడా ఉన్నాయి. ఎవరో కావాలనే మార్చారు," అంది ఫర్హత్.

రామభద్రరాజు పడీపడీ నవ్వాడు. "అన్నయ్యగారండీ, నన్ను నరకడానికి వచ్చింది దీంతోనా? చక్రానికేసుంటే బండయినా కదిలేది."

"ఎవడు మార్చాడు?" అన్నాడు లచ్చింరాజుగారు. అదే గొంతు. పెద్దది కాదు.

సుభద్రయ్యమ్మ లేవబోయి మానేసింది. కూర్చున్న చోటు నుంచే చెప్పింది. "ఎవడో కాదండీ, నేనే. అసలుది ఇదిగో, ఈ కత్తిపీటకుంది. ఉప్పునీళ్ళు పోసింది కూడా నేనే."

చేతికర్ర చప్పుడు దగ్గరైంది. ఆయన వంటింటి గడప దగ్గర ఆగాడు. వెనకే తమ్ముడు, నవ్వు మానేసి.

ఆయన భార్య వైపు తిరిగాడు. "పోస్తే పోశావు. మనింట్లో కిరసనాయిలు ఏనాడు లేదు, సుభద్రా? ప్రతి దసరాకీ సీసా చేతిలోకి తీసుకునేవాణ్ణి. దూస్తే వస్తుందేమోనని మళ్ళీ గూట్లో పెట్టేసేవాణ్ణి."

కందగడ్డ ఆమె ఒళ్ళోకి జారింది.

ఫర్హత్ మంచినీళ్ళ కోసమన్నట్టు లోపలికి వచ్చి, నా ముందు గొంతుకూర్చుంది. భూతద్దం నా వెన్నుకి ఆనించింది. చల్లగా ఉంది. "క్లింగెంతాల్," అని చదివింది నెమ్మదిగా. "ఏప్రిల్ నెల, పద్ధెనిమిది వందల పద్నాలుగు."

అంతేనా? పుట్టిన ఊరూ నెలా. ఇన్నేళ్ళు నా వీపు మీద మోసింది అదా?

"ముద్ర కూడా కలిసిందండి. అలుగు ఇదే," అంది.

"అతకొచ్చా?" అన్నాడు లచ్చింరాజుగారు.

"అతకొచ్చండి."

ఆయన నా వైపు చూశాడు. ఆ చూపు నాకు తెలుసు, తండ్రి చూపు. నా అంచు మొద్దుబారిపోయింది. తర్వాత ఆయన కర్ర గోడకి ఆనించి, గడప మీద మెల్లగా కూర్చున్నాడు. నేను ఆ ఇంటికి వచ్చాక మగవాళ్ళు అక్కడ కూర్చోవడం చూడలేదు.

"మరి తమ్ముడు భోజనానికి ఉంటానన్నాడు. కంద దేంతో తరుగుతారు?" అన్నాడు. "ఆ బండి పట్టానే పెట్టుకోండమ్మా మీ మ్యూజియంలో. ఉన్నది ఉన్నట్టు రాయండి."

రాశారట. పిడి, ఒర ఫ్రెంచి, అలుగు స్థానికం. గాజు పెట్టెలో పెట్టారట. అక్కడికి వెళ్ళేవాళ్ళు చూసి రండి, నాకు తీరిక లేదు.

ఇప్పటికీ హాల్లో ఎవరి గొంతయినా తగ్గితే నాకు ఒళ్ళు జలదరిస్తుంది. పెరిగితే కాదు, తగ్గితే. అప్పుడు వంటింట్లో గాజులు కదులుతాయి. ముడతలు పడ్డ పాదం ఒకటి వచ్చి, నా పీట మీద బరువుగా ఆనుతుంది.