చిలకలకు కట్టిన పొట్లాలు

పొద్దున్నే చీపురు పట్టుకుంటే ఆమె మొదట ఊడ్చేది ఈకలే. బూడిదరంగు చిన్న చిన్న ఈకలు, సోఫా కింద, గుమ్మం పక్కన, ఆఖరికి భర్త బూట్లలో కూడా. ఇంట్లో రెండు ఆఫ్రికా చిలకలు. ఆడదాన్ని బుజ్జి అంటారు. తన రొమ్ము మీది ఈకల్ని తనే పీక్కుంటోంది. మగదాన్ని దొర అంటారు. అది పీక్కోదు, పక్కింటివాళ్ళు గోడ తట్టేదాకా అరుస్తుంది.

"రెండు పక్షుల్ని చూసుకోవడం కూడా చేతకాదా? ఇంట్లో ఉండి నువ్వు చేసేదేముంది?" భర్త పేపర్లోంచి తల ఎత్తకుండా అన్నాడు. "నెలాఖరు దాకా చూస్తాను. ఆ తర్వాత కొన్న కొట్లోనే ఇచ్చేస్తాను. బోడి చిలకని పెట్టుకుని నలుగురిలో నవ్వులపాలు కావాలా."

చిలకల్ని తెచ్చింది ఆయనే. మేనేజరుగారింట్లో చూసి ముచ్చటపడి తెచ్చాడు. తెచ్చిన రోజు పంజరం పక్కన నిలబడి ఫొటో దిగాడు. మర్నాటి నుంచి అడుగున కాగితం మార్చడం, గిన్నెలు కడగడం, రెట్టలు తుడవడం ఆమె వంతయింది. ఎవరూ చెప్పలేదు. ఆ ఇంట్లో పనులు ఎవరూ పిలవకుండానే ఆమె దగ్గరికి నడిచొస్తాయి. అయినా అందరి భోజనాలూ అయ్యాక ఆమె పంజరం దగ్గర కూర్చుంటే, బుజ్జి తల వంచి ఆమె వేలికి ఆనించి కళ్ళు మూసుకునేది. ఆ ఇంట్లో ఆమెని ఏమీ తెమ్మనకుండా దగ్గరకొచ్చే ప్రాణి అదొక్కటే. బోడి చిలకని కొట్లో ఎవరు కొంటారు? ఎవరూ కొనకపోతే దాన్ని ఏం చేస్తారు?

ఎవరినీ అడక్కుండా పంజరానికి దుప్పటి కప్పి, బస్సెక్కి పక్షుల డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది.

డాక్టరమ్మ బుజ్జి రెక్కలు విప్పి చూసింది, నోరు తెరిచి చూసింది, రక్తం పరీక్ష చేసింది. "జబ్బేం లేదు. తిండి ఏం పెడుతున్నారు?"

"గింజలు, పళ్ళు, గిన్నె నిండా పెడతానండి. ఏ లోటూ లేదు."

"ఎంతసేపట్లో తినేస్తుంది?"

"పది నిమిషాలు."

"మరి మిగతా రోజంతా ఏం చేస్తుంది?"

ఆమె బుజ్జి బోడి రొమ్ము వైపు చూసింది.

"అడవిలో తిండి వెతుక్కోవడంతోనే సగం రోజు గడిచిపోతుంది. ఏ కాయ పండింది, ఏ బెరడు చీలిస్తే ఏముంది అని బుర్ర పెట్టి వెతకాలి. మీ ఇంట్లో దానికి పీకడానికి మిగిలింది సొంత ఈకలే. గిన్నె తీసేసి తిండి దాచిపెట్టండమ్మా. కాగితంలో చుట్టండి, అట్టలో దూర్చండి. దాన్ని శ్రమపడి తీసుకోనివ్వండి."

బస్సులో పంజరం ఒళ్ళో పెట్టుకుని ఆమె కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. నీకేం తక్కువ, కూర్చోబెట్టి తిండి పెడుతున్నానుగా అని పన్నెండేళ్ళుగా భర్త అంటున్న మాట. కూర్చున్నది ఎప్పుడని ఆమె ఏనాడూ అడగలేదు. పనికి కొదవ లేదు, తెల్లారి లేచింది మొదలు పనే. కానీ ఆ పనిలో బుర్ర పెట్టి వెతకాల్సింది ఏముంది? ఉప్పు డబ్బా ఉన్నచోటే ఉంటుంది. మాసిన బట్ట మళ్ళీ మాసుతుంది. దేవుడు పక్షికి ముక్కు ఇచ్చాడంటే దాంతో ఏదో ఒకటి చీల్చమనే కదా. మరి తనకిచ్చిన ఈ చేతులు దేనికి? రోజూ ఆ దేవుడికి జోడించే చేతులే, తప్పుగా అడుగుతున్నానేమో అని ఒకసారి భయపడింది. అడగడానికి కాకపోతే నోరెందుకిచ్చాడులే అని సర్దుకుంది.

పెళ్ళికి ముందు ఆ చేతులు నాలుగేళ్ళు ప్రెస్సులో బైండింగు పని చేశాయి. కాగితం మడత పెట్టడంలో, కట్టలు కట్టడంలో ఆమెని మించినవాళ్ళు లేరనేవాడు మేస్త్రీ. మా ఇంటి కోడలికి ఆ జిగురు చేతులేమిటని అత్తగారు మాన్పించింది.

ఆ సాయంత్రం నుంచి అట్టగొట్టాలు, గుడ్ల అట్టలు, అచ్చు లేని తెల్లకాగితాలు పోగేసింది. మొదట బుజ్జికి గింజ కనబడేలా సగం విప్పిన పొట్లాలు కట్టింది. పొడుగు దారం కాలివేళ్ళకి చుట్టుకుంటుంది కాబట్టి నూలుదారం పొట్టిగా కత్తిరించి, ఒక కొస లాగితే చాలు ఊడిపోయే ముడి వేసింది. బుజ్జికి అది వచ్చేశాక పొట్లం పూర్తిగా మూసింది. ఆ తర్వాత పొట్లంలో పొట్లం పెట్టింది. దొర మొదటి రోజంతా ఇదేం గొడవన్నట్టు మెడ చాచి చూసి, రెండోరోజు మొత్తం గుడ్ల అట్ట పీలికలు చేసి పారేసింది. ఆ రోజు అరవడానికి దానికి తీరిక దొరకలేదు.

"ఇంటినిండా చెత్త" అన్నాడు భర్త.

అత్తగారికి జాలేసింది. "నోరులేని జీవాన్ని ఆకలితో ఎందుకు ఏడిపిస్తావే" అని కోడలు స్నానానికి వెళ్ళిన సమయంలో పొట్లాలన్నీ విప్పి, గింజలు గిన్నెలో పోసింది. బుజ్జి గిన్నె వైపు చూసింది. రెండు గింజలు కొరికి వదిలేసింది. పంజరం అడుగుకి దిగి, విప్పేసిన ఖాళీ కాగితాలు ఒక్కొక్కటే తిరగేసి వెతకడం మొదలుపెట్టింది.

అత్తగారు అది చూస్తూ అక్కడే నిలబడింది. కోడలు తల తుడుచుకుంటూ వచ్చేసరికి మెల్లగా అంది, "దానికి కావలసింది గింజ కాదే అమ్మాయ్." పంజరంలోంచి గిన్నె తీసేసి, "ఆ కాగితాలు ఇలా పడేయ్. రోజంతా కుర్చీలో కూర్చుంటే నాకూ పిచ్చెక్కుతోంది."

నెలాఖరుకి బుజ్జి రొమ్ము మీద ముళ్ళలా కొత్త ఈకలు పొడుచుకొచ్చాయి. చూడ్డానికొచ్చిన మేనేజరుగారికి భర్త పంజరం చూపించి, "అంతా ఒక పద్ధతి ప్రకారం చేశాను సార్" అన్నాడు. ఆమె టీ కప్పులు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. చిలక ఉండిపోయింది, అది చాలనుకుంది. కానీ గిన్నెలు తోముతుంటే అది చాలదని తెలిసింది.

బుజ్జిని మళ్ళీ చూపించడానికి తీసుకెళ్తే, శనివారం చిలకలు పెంచేవాళ్ళని పిలుస్తున్నాను, మీరు చేసింది వచ్చి చెప్పండని డాక్టరమ్మ ఆమెతో అంది. "నలుగురిలో మాట్లాడ్డం నీకేం వచ్చు? నేను చెబుతాలే, నువ్వు పొట్లాల సంచి పట్టుకురా" అన్నాడు భర్త. ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఇరవై కుర్చీల ముందు నిలబడి, చిలక మనస్తత్వం తాను ఎలా కనిపెట్టాడో పావుగంట చెప్పాడు. ఆమె ఆఖరి వరసలో సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

ముందు వరసలో రిటైరైన రైలు డ్రైవరు లేచాడు. "అయ్యా, మా చిలక గోరు దారంలో చిక్కుకుని ఊడొచ్చింది. మీరు ముడి ఎలా వేస్తారో ఒక్కటి వేసి చూపించండి."

భర్త పొట్లం తీసుకుని దారం చుట్టి, బూటులేసు కట్టినట్టు రెండు ముళ్ళు బిగించాడు. డాక్టరమ్మ లాగి చూసింది. రాలేదు. "ఇలా కడితే కాలే పోతుందండీ" అంది. ఆయన కళ్ళతో గదంతా వెతికి ఆఖరి వరసలో భార్యని పట్టుకున్నాడు. "ఏయ్, నువ్వొకటి కట్టివ్వు."

నోరు పెగిలేలా చూడు స్వామీ అనుకుంటూ ఆమె లేచింది. ముందుకొచ్చి, "కొంచెం జరగండి" అంది. ఆయన జరిగాడు. ఆమె ముడి కట్టింది, లాగి ఊడదీసింది, మళ్ళీ కట్టింది. గింజ కనబడేలా ఎందుకు మొదలుపెట్టాలో చెప్పింది. అరిచే చిలకకి ఏమివ్వాలో, భయపడే చిలక ముందు కొత్త వస్తువు ఎంత దూరంలో పెట్టాలో చెప్పింది. రైలు డ్రైవరుతో నాలుగు ముళ్ళు వేయించింది, మూడు తప్పని చెప్పింది. గంట దాటినా ఎవరూ లేవలేదు. భర్తకి కూర్చోడానికి ఆఖరి వరసలో, సంచి పక్కన చోటు దొరికింది.

"ప్రతి శనివారం మీరొచ్చి నేర్పుతారా? ఊరికే వద్దు, జీతానికే" అని డాక్టరమ్మ అడిగింది.

"శనివారాలు కుదరదండీ, ఇంట్లో పనుంటుంది" అన్నాడు భర్త వెనక నుంచి.

"వస్తానండీ" అంది ఆమె.

తర్వాతి శనివారం పొద్దున్న అత్తగారు కోడలికంటే ముందే తయారై, కట్టిన పొట్లాల బుట్ట చంకన పెట్టుకుని గుమ్మం బయట నిలబడింది. "ముడి వేయడం నాకూ వచ్చు, పక్కన కూర్చుంటాను" అంది.

భర్త ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "మీరిద్దరూ వెళ్ళిపోతే మరి నా భోజనం?"

ఆమె చెప్పులేసుకుంది. "మేం వచ్చేసరికి మూడవుతుంది. మాకూ కలిపి వండండి."