భోజనం ముందరి ప్రార్థన

తలుపులు రెండూ కలిసేచోట ఎప్పుడూ వేలెడు సందు మిగిలిపోతుంది. దాన్ని మడమతో ఒక్క తోపు తోస్తేగానీ లిఫ్టు కదలదు. ఆసుపత్రిలో రోగుల కోసం ఉన్న లిఫ్టు అది. స్ట్రెచర్ పట్టేంత పొడుగు ఉంటుంది గానీ, దాని పక్కన ఇద్దరు నిలబడితే మూడోవాడు ఊపిరి బిగబట్టాల్సిందే. మూలన ఇనప స్టూలు. ఆ స్టూలు మీద కూర్చుని ఇరవై ఎనిమిదేళ్ళుగా అతను పైకీ కిందికీ తిరుగుతున్నాడు. బటన్లు నొక్కీ నొక్కీ కుడి బొటనవేలి గోరు పలకలా చదునైపోయింది.

"నువ్వు తిరిగిన దూరమంతా కలిపితే ఈపాటికి చంద్రమండలం చేరుకునేవాడివి" అని పెద్ద నర్సు వేళాకోళం చేసింది ఆ పొద్దున.

"చేరినా మళ్ళీ కిందికే దించుతారు గదమ్మా, డ్యూటీ దిగే టైముకి" అన్నాడు.

అతనికొక నియమం ఉంది. శవాన్ని దించేటప్పుడు స్టూలు మీద కూర్చోడు. మధ్యలో ఏ అంతస్తులో ఎవరు బటన్ నొక్కినా ఆపడు, తిట్లు తింటాడు. ఆ నియమం ఎవరూ పెట్టింది కాదు.

చిన్నప్పుడు జ్వరం తలకెక్కి వైద్యుడు చేతులెత్తేస్తే, తల్లి అతన్ని చర్చి మెట్ల మీద పడుకోబెట్టి, "వీణ్ణి బతికిస్తే నీ సేవకే ఇచ్చేస్తాను ప్రభువా" అని మొక్కుకుంది. బతికాడు. మాట తప్పకూడదని బైబిలు పాఠశాలలో చేర్పించింది. అక్కడ ప్రసంగానికి నిలబడితే చాలు, నాలుక పిడచకట్టుకుపోయేది. మూడుసార్లు వేదిక ఎక్కి మూడుసార్లూ మాట్లాడకుండానే దిగాడు. నాలుగోసారి వాళ్ళే, వద్దులే నాయనా అన్నారు. తల్లి మాత్రం కన్నుమూసేదాకా ఒకటే పాట: "దేవుడు నిన్ను ఊరికే బతికించలేదురా." అది దీవెనో శాపమో అతనికి అరవయ్యో ఏట కూడా తేల్లేదు.

తేలకపోవడానికి కారణం ఒక ముసలమ్మ. పంతొమ్మిదేళ్ళ కిందట ఆమెను ఇదే లిఫ్టులో పైకి తీసుకెళుతుంటే, అతని మెడలోని సిలువ చూసి, "నాయనా, ఒక్క మాట ప్రార్థన చెయ్యి" అంది. "పాస్టరుగారు వస్తున్నారమ్మా, నేను లిఫ్టువాణ్ణి" అన్నాడు. నిజమే చెప్పాడు. పాస్టరుగారు వస్తూనే ఉన్నారు. మూడో అంతస్తు దాటి నాలుగోది రాకముందే ఆమె ప్రాణం పోయింది. ఆ రోజు నుంచి తలుపులు మూసుకున్న ప్రతిసారీ తన కుడి భుజం వెనక ఎవరో నిలబడినట్టే ఉంటుంది. లిఫ్టు నిండా జనం ఉన్నా సరే, ఆ కాస్త చోటు ఖాళీగా, చల్లగా తగులుతుంది. వెనక్కి తిరిగి చూసే ధైర్యం ఎన్నడూ చెయ్యలేదు. భార్యకు చెబితే, "ఫ్యాను గాలేమోనండీ" అంది. ఆ లిఫ్టులో ఫ్యాను పనిచెయ్యక చాలా ఏళ్ళయింది.

పది గంటలకు ఒక దర్జీని తెచ్చారు. గుండె ఆపరేషను. నాలుగో అంతస్తు. ఒక పక్క నర్సు, ఇంకో పక్క దర్జీ భార్య. దర్జీ పడుకునే, లిఫ్టువాడి యూనిఫారాన్ని ఎగాదిగా చూశాడు.

"ఎవరండీ ఈ చొక్కా కుట్టింది? వాడి చెయ్యి పడిపోనూ! ఎడమ భుజం అర అంగుళం దిగింది."

"చొక్కాది తప్పు లేదండీ. భుజమే దిగింది."

దర్జీ నవ్వాడు. అతని పిడికిలి మాత్రం స్ట్రెచర్ కడ్డీని వదల్లేదు. వేళ్ళ కణుపులు తెల్లబడి ఉన్నాయి. లిఫ్టు కదిలింది.

"అన్నా, మీరూ మనవాళ్ళే కదా, సిలువ కనిపిస్తోంది. మా పాస్టరుగారు ఊళ్ళో లేరు. ఒక్క ముక్క ప్రార్థన చెయ్యరూ? నాకు దడగా ఉంది."

భుజం వెనక చల్లదనం. మొదటి అంతస్తు దాటింది. నాలుక అంగిలికి అంటుకుపోయింది. రెండోది దాటింది. ఈసారి కూడా మూగవాడివైతే నీ బతుకెందుకురా, అని తనను తాను తిట్టుకున్నాడు. కళ్ళు గట్టిగా మూసుకుని దర్జీ తల మీద చెయ్యి పెట్టాడు. రోజూ పలికే అలవాటున్న మాటలేవో వాటంతటవే బయటికొచ్చాయి.

"ప్రభువా, మా ముందుంచిన ఈ ఆహారమును దీవించుము. దీనిని సిద్ధపరచిన చేతులను దీవించుము. లేనివారిని జ్ఞాపకము చేసికొనుము. ఆమెన్."

నర్సు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఓరి దేవుడా, అన్నా! నన్ను వడ్డించేశారే!" అని దర్జీ పగలబడి నవ్వాడు. భార్య కూడా నవ్వు ఆపుకోలేకపోయింది. తలుపులు తెరుచుకున్నాక, థియేటర్ మలుపు తిరిగేదాకా ఆ నవ్వు వినిపిస్తూనే ఉంది.

మధ్యాహ్నం డబ్బా మూత తీశాడు. కళ్ళు మూసుకుంటే మాటలు రాలేదు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. పంతొమ్మిదేళ్ళకు దేవుడు మళ్ళీ ఒక అవకాశం ఇస్తే, దాన్ని భోజనంబల్ల పాలు చేశాడు. తినకుండానే డబ్బా మూసేశాడు. బయట వాన పట్టుకుంది.

మూడున్నరకు నాలుగో అంతస్తు నుంచి గంట మోగింది. తలుపు తెరిచేసరికి స్ట్రెచర్ మీద ముఖం దాకా తెల్లదుప్పటి. "మధ్యలోనే గుండె ఆగిపోయింది" అంది నర్సు, అతనికి మాత్రమే వినపడేలా. దర్జీ భార్య మందులు తేవడానికి వెళ్ళి అప్పుడే వచ్చిందట. మోకాళ్ళ దాకా తడిసిపోయి, ఏడవడం కూడా మరిచిపోయినట్టు, చేతిలో గొడుగుతో వచ్చి గోడకు ఆనుకుంది.

అతను లేచి నిలబడ్డాడు. మడమతో తలుపు తోశాడు. ఇక తన వెనక ఇద్దరు నిలబడతారు అనుకున్నాడు.

"అన్నయ్యా" అంది ఆమె. "రాత్రంతా ఆయన నా చెయ్యి వదల్లేదు. పిల్లాడిలా వణికిపోయాడు. పొద్దున నవ్వుతూ లోపలికెళ్ళాడు. మత్తు ఇస్తున్నప్పుడు కూడా డాక్టరుగారితో, 'దీవెన అయిపోయిందండీ, ఇక మీరు కానివ్వండి' అన్నాడట. ఈ నర్సమ్మే చెప్పింది."

నర్సు తలూపింది.

"ఆ ప్రార్థన మళ్ళీ చెయ్యండి."

"అది... భోజనానిదమ్మా."

"అదే చెయ్యండి."

అతను దుప్పటి మీద చెయ్యి పెట్టాడు. ఈసారి కళ్ళు మూసుకోలేదు. నాలుక తడబడలేదు. మూడో అంతస్తులో ఎవరో బటన్ నొక్కారు, రెండో అంతస్తులో తలుపు బాదారు. ఆపలేదు. "లేనివారిని జ్ఞాపకము చేసికొనుము" అన్నచోట ఆమె పెద్దగా ఏడ్చింది. ఆ ఏడుపు తగ్గేదాకా ఆగి, ఆమెన్ అన్నాడు.

అట్టడుగు అంతస్తులో స్ట్రెచర్ దిగిపోయింది. దాని చక్రాల చప్పుడు వసారా చివరిదాకా వెళ్ళి ఆగింది. తలుపులు మూసుకున్నాక అతను, ఇన్నేళ్ళలో మొదటిసారి, కుడి భుజం మీదుగా వెనక్కి తిరిగి చూశాడు.

ఎవరూ లేరు. గోడకు ఆనించి ఒక పెద్ద మగవాళ్ళ గొడుగు ఉంది. విరిగిన పిడికి కోటు గుడ్డ చుట్టి, కంటికి ఆననంత సన్నని కుట్లు వేసి ఉన్నాయి. కొసనుంచి వాననీళ్ళు ఒక్కో చుక్కే నేలమీదికి జారుతున్నాయి.