వద్దు తర్వాత మాట

ఫోన్లకి అప్‌డేట్ వచ్చిన మర్నాడు నా దుకాణం ముందు జనం గుంపులు కట్టి నిలబడతారు. పడుకునేటప్పుడు బాగానే ఉన్న ఫోను పొద్దున లేచేసరికి పరాయిదైపోయి ఉంటుంది. ఒకరికి అక్షరాలు చిన్నవైపోతాయి, ఇంకొకరికి ఫోటోలు కనపడవు, ఎక్కువమందికి సౌండు తగ్గిపోతుంది. అందరూ చెప్పేది ఒకటే మాట, "నేనేం ముట్టుకోలేదమ్మా" అని. మరి "సరే" అని నొక్కిందెవరు, మీ ఇంటి గోడా? అంటే మొహాలు మాడ్చుకుంటారు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని వీధంతటికీ తెలుసు. అయినా నా దగ్గరికే వస్తారు, ఎందుకంటే నా చేతిలో పడ్డ ఫోను మూగగా తిరిగి వెళ్ళదు.

ఆవిడ మాత్రం మర్నాడు రాలేదు. రెండు నెలల తర్వాత ఒక మంగళవారం పదకొండింటికి వచ్చింది. వీధి చివర లాండ్రీలో బట్టలు ఉతికే మిషన్ల దగ్గర పనిచేస్తుంది, నేను అటువైపు వెళ్ళినప్పుడల్లా ఆవిడ వీపే చూశాను. యాభై దాటి ఉంటాయి. చేతులు నీళ్ళలో నాని తెల్లగా ముడతలు పడ్డాయి. ఫోన్ని చేతిరుమాల్లో చుట్టి తెచ్చింది.

"ఏంటక్కా ప్రాబ్లెం?" అన్నాను, పనిలోంచి తలెత్తకుండానే.

"అక్కా అనకు. నేను చెల్లెల్ని" అంది.

ఇదేం తిక్క మనిషి అనుకుని తలెత్తి చూశాను. తిక్కేమీ లేదు. ఉన్న మాట చెబుతున్నట్టే ఉంది మొహం.

"సరే, పిన్నీ అంటాను. చెల్లెలైతే పిన్నే కదా" అన్నాను. దానికి కొంచెం నవ్వింది. బల్ల ముందు స్టూలు మీద కూర్చుంది.

"అప్‌డేట్ అంటే నొక్కాను. ఆ రోజునుంచి సౌండు లేదు. గంట మోగుతుంది గానీ మనిషి మాట వినపడదు."

"రెండు నెలలనుంచి ఏం చేస్తున్నారు మరి?"

"నాతో మాట్లాడేవాళ్ళెవరున్నారమ్మా" అంది మామూలుగా.

ఇక్కడ నా పద్ధతి ఒకటి చెప్పాలి. సౌండు బాగుచేశాక మిగతా దుకాణాలవాళ్ళు ఏదో పాట పెట్టి చూస్తారు. నేను పెట్టను. పాటకి వాయిద్యాలు తోడుంటాయి, సగం చచ్చిన స్పీకర్లో కూడా హోరెత్తిపోతుంది. మనిషి గొంతు అలా కాదు. మాట చివరిదాకా స్పష్టంగా వినపడితేనే స్పీకరు బాగున్నట్టు. అందుకే ఫోనువాళ్ళ దగ్గరున్న వాయిస్ మెసేజ్ ఏదైనా అడుగుతాను, ఏది వినొచ్చో వాళ్ళే చూపించాలి.

అడిగితే ఆవిడ రుమాలు మడత పెట్టి, విప్పి, మళ్ళీ మడత పెట్టింది.

"ఒకటే ఉంది. మా అక్కది. దాని కోసమే వచ్చాను" అంది.

చెప్పడం మొదలుపెట్టాక ఆగలేదు. ఇద్దరూ పెళ్ళీ పెటాకులూ లేకుండా ఒకే ఇంట్లో ముప్పయ్యేళ్ళు ఉన్నారు. ఇంటివాళ్ళు ఖాళీ చెయ్యమన్నారు. ఎక్కడికి వెళ్ళాలన్న దాని మీద ఇద్దరికీ మాటామాటా వచ్చింది. ఈవిడకి లాండ్రీకి దగ్గరగా ఇల్లు కావాలి, అక్కకి కింది వాటా కావాలి. వారం రోజులు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఈలోగా అక్క తనంతట తనే ఒక గది చూసింది. ఎవరికోసం చూసిందో చెప్పలేదు, ఈవిడ అడగలేదు. ఖాళీ చేసే రోజు పొద్దున ఈవిడ పనికి వచ్చేసింది. మధ్యాహ్నం అక్క దగ్గరనుంచి మెసేజ్ వచ్చింది. ముందు రోజే అప్‌డేట్ అయిన ఫోను. నాలుగు మిషన్లు తిరుగుతున్నాయి. చెవికి ఆనించుకుని విన్నది.

"'నేను వెళ్తున్నానే' అంది. తర్వాత ఏదో గొణిగింది. తర్వాత 'నువ్వు వద్దు' అంది."

"అంతేనా?"

"అంతే. ముప్పయ్యేళ్ళు ఒక కంచంలో తిన్నవాళ్ళం. నువ్వు వద్దు అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. నేను మాత్రం ఎవరికి కావాలి అనుకుని, ఆ రాత్రి లాండ్రీ పై గదిలో పడుకున్నాను. రెండో రోజు కూడా వెళ్ళలేదు. మూడో రోజు కబురొచ్చింది."

గదిలో తడి గచ్చు మీద కాలు జారి పడిందట. తల గోడకి తగిలిందట. పడ్డాక మర్నాడు ఉదయం దాకా ప్రాణం ఉండే ఉంటుందని డాక్టరు చెప్పాడట.

"తలుపు గడియ వెయ్యలేదమ్మా" అంది ఆవిడ. "దగ్గరగా వేసి ఉందంతే. మా అక్క గడియ వేసి రెండుసార్లు లాగి చూస్తే గానీ కూర్చోదు. అలాంటి మనిషి ఎందుకు తీసి ఉంచిందో!"

నేను చేతిలో స్క్రూడ్రైవరు పక్కన పెట్టాను.

"గట్టిగా వినాలి ఒక్కసారి" అంది. "కోపంగా అందా, మామూలుగా అందా అన్నది తెలియాలి. కోపంలో అంటే పరవాలేదు. కోపంలో ఎవరైనా ఏదైనా అంటారు. చల్లగా అని ఉంటేనే…"

నాలుగింటికి రమ్మని పంపేశాను. ఎదురుగా కూర్చుంటే నా చేతులు ఆడేలా లేవు.

ఫోను విప్పితే సంగతి వెంటనే తెలిసింది. చెవి దగ్గరుండే స్పీకరు జాలీ నిండా బట్టల నూగు. తెల్లదీ నీలందీ కలిసి దూదిలా గట్టిపడిపోయింది. పట్టకారుతో లాగితే చిన్న వత్తిలా వచ్చింది. మెత్తటి బ్రష్షుతో తుడిచాను. అది సగం రోగం. మిగతా సగం సెట్టింగుల్లో ఉంది. చెవులకి మంచిదని సౌండుకొక హద్దు పెడతారు, అప్‌డేట్‌లో అది దానంతటదే ఆన్ అయిపోయింది. ఎంత పెంచినా సగం దాటదు. దాన్ని తీసేశాను. పది నిమిషాల పని, ఇందుకు రెండు నెలలు ఆగిందా మహాతల్లి అని విసుక్కున్నాను కూడా.

తర్వాత మెసేజ్ పెట్టాను.

ముందు చెప్పులో, బక్కెట్టో ఈడ్చిన చప్పుడు వచ్చింది. తర్వాత పక్కనే నిలబడి పిలిచినంత దగ్గరగా ఒక గొంతు.

"ఏమేవ్, నేను వెళ్తున్నానే."

అక్కడినుంచి గొంతు దూరం జరిగింది. ఫోను ఎక్కడో గూట్లో పెట్టేసి, అటూ ఇటూ సామాను సర్దుతూ మాట్లాడే మనిషి. ఒక మాట ఇటు తిరిగి అంటుంది, ఒక మాట గోడకి చెబుతుంది.

"గది ఊడ్చి కడగాలి… పనయ్యాక నువ్వు వద్దువుగాని. తలుపు తీసే ఉంచుతాలే."

బక్కెట్టు హేండిల్ కిర్రుమంది. మెసేజ్ అయిపోయింది.

మళ్ళీ పెట్టాను. మూడోసారి పెట్టాను. ఎన్నిసార్లు విన్నా వద్దు దగ్గర మాట ఆగలేదు. వద్దువుగాని. కోపంగానూ లేదు, చల్లగానూ లేదు. పొయ్యి మీద ఏదో పెట్టి మాట్లాడినట్టు తొందరగా, ఇంట్లోవాళ్ళతో మాట్లాడినట్టే ఉంది. ఆ "వద్దు" ఒక్కటే ఇటు తిరిగి అంది, "వుగాని" గోడకి చెప్పేసింది, తలుపు మాటా అటే అంది. ఆ మూడక్షరాలు నూగులో ఇరుక్కున్నాయి. వాటి కోసం తలుపు తీసిపెట్టుకుని ఒక మనిషి తడి గచ్చు మీద మర్నాటిదాకా ఎదురుచూసింది.

ఎండ బల్ల మీదే ఉంది. వీధిలో బళ్ళు తిరుగుతున్నాయి. అయినా నాకు దుకాణంలో నా వెనక ఎవరో నిలబడి ఉన్నట్టు అనిపించింది. తలుపు వైపు మూడుసార్లు చూశాను. ఎవరో ఒక ఛార్జర్ కోసం వస్తే లేదని చెప్పి పంపేశాను. గోడ నిండా ఛార్జర్లు వేలాడుతున్నాయి.

భయమేసింది. ఇది నేను దాచుకోను. ఆ మనిషి ఇన్నాళ్ళూ "వద్దంది కాబట్టి వెళ్ళలేదు" అన్న ఒక్క మాట పట్టుకుని వేలాడుతోంది. నేనిప్పుడు దాన్ని కోసేస్తే ఎక్కడ పడుతుంది? రమ్మంటే వెళ్ళలేదు, వెళ్ళి ఉంటే బతికేది. ఈ నిజం ఇచ్చి పంపి నేను షట్టరు దించుకుని అన్నం తినగలనా? వద్దన్న అక్కని తలుచుకుని ఏడవడమే నయం కదా అనిపించింది.

తీసేసిన హద్దు మళ్ళీ పెట్టాను. ఈసారి సగానికి కాదు, పావుకి. నా చేతిలో పడ్డ ఫోన్ని నేనే మూగదాన్ని చెయ్యడం అదే మొదటిసారి.

నాలుగింటికి సరిగ్గా వచ్చింది. లాండ్రీనుంచి అలాగే వచ్చినట్టుంది, మోచేతుల దాకా తడి.

"స్పీకరు పోయింది పిన్నీ" అన్నాను. "అప్‌డేట్‌కి కాలిపోయింది. దొరకదు."

అప్‌డేట్‌కి స్పీకర్లు కాలవు. ఇంకెవరైనా ఆ మాటంటే నేనే చీవాట్లు పెడతాను.

ఆవిడ నా వైపు చూడలేదు. ఫోను తీసుకుని చెవికి గట్టిగా నొక్కి పెట్టుకుంది, కళ్ళు మూసుకుంది. పెదాలు కదులుతున్నాయి. ఎన్నిసార్లు విందో గానీ ఏ మాట ఎక్కడొస్తుందో పెదాలకి తెలుసు. అయిపోయాక ఫోను ఒళ్ళో పెట్టుకుంది.

"నువ్వు విన్నావు కదూ?" అంది.

"లేదు. వినపడలేదు."

"పొద్దున నువ్వు నా మొహంలోకి చూసి మాట్లాడావు. ఇప్పుడు చూడట్లేదు."

నేను స్క్రూలు డబ్బాలో వేస్తూ ఉండిపోయాను.

"ఒక్కటే చెప్పమ్మా" అంది. గొంతు ఎంత మెల్లగా ఉందంటే, దానికీ ఎవరో హద్దు పెట్టారేమో అనిపించింది. "వద్దు తర్వాత 'గాని' ఉందా?"

తెలుసు ఆవిడకి! కోపమా, మామూలా అన్నదంతా పైకి చెప్పిన మాట. గడియ వెయ్యని తలుపు గురించి విన్న రోజునుంచీ ఆవిడ లోపల అదే తొలుస్తోంది. అడిగితే ఎవరైనా చెప్పేస్తారేమోనన్న భయంతో రెండు నెలలు ఆగింది. మొత్తానికి నన్ను అడిగింది. ఇంక నేను అబద్ధం ఆడితే ఆ మాట ఆవిడని రాత్రింబవళ్ళూ అడుగుతూనే ఉంటుంది.

"ఉంది" అన్నాను.

ఫోను తీసుకుని హద్దు తీసేశాను. మొత్తం పెంచి, బల్ల మీద పెట్టి మెసేజ్ నొక్కాను.

దుకాణమంతా ఆ గొంతే. పనయ్యాక నువ్వు వద్దువుగాని. తలుపు తీసే ఉంచుతాలే. బక్కెట్టు కిర్రుమంది. ఆవిడ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ఫోను వైపు వంగి, పక్క గదిలోంచి కేకేస్తే బదులిచ్చినట్టు అంది.

"వస్తున్నానే అక్కా."

ఆ మాట అన్న తీరు చచ్చిపోయినవాళ్ళతో అన్నట్టు లేదు. చెప్పులేసుకుని బయల్దేరబోయే మనిషి అన్నట్టుంది. లేచింది కూడా. నేను బల్ల మీదనుంచి వంగి ఆవిడ చెయ్యి పట్టేసుకున్నాను. తడి చెయ్యి, చల్లగా ఉంది.

"ఎక్కడికి?"

"రమ్మంది కదా. నేనింకా వెళ్ళలేదు."

"పిన్నీ, విను. వద్దువుగాని అంది. ఇప్పుడే రా అనలేదు. వద్దువుగానిలే అంటే ఏంటి, తొందర లేదని. మీ అక్క తొందరపెట్టలేదు నిన్ను."

ఎప్పుడు ఏకవచనంలోకి దిగానో నాకే తెలియలేదు.

"పనయ్యాక అంది" అంది ఆవిడ నెమ్మదిగా.

"పనయ్యాకే. మీ లాండ్రీ ఎన్నింటికి మూస్తారు?"

చాలాసేపు ఆలోచించింది, ఎవరో పరాయివాళ్ళ సంగతి అడిగినట్టు.

"ఆరింటికి" అంది.

"అయితే పనికి వెళ్ళు."

వెళ్ళింది. రుమాలు బల్ల మీదే మర్చిపోయింది. వీధి చివరిదాకా ఆవిడ వీపు చూస్తూ నిలబడ్డాను. లాండ్రీలోకి తిరిగింది. తర్వాత రెండు గంటలూ ఒక్క ఫోనూ విప్పలేదు నేను. చెప్పినందుకు నన్ను నేను తిట్టుకున్నాను, ముందు చెప్పనందుకు ఇంకా ఎక్కువ తిట్టుకున్నాను. ఐదున్నరకే షట్టరు దించి లాండ్రీ ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను.

ఆరింటికి మిషన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఆవిడ బయటికొచ్చింది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు.

"మా ఇంటికి పద. ఈ పూట మాతో తిని అక్కడే పడుకో" అన్నాను.

"నువ్వు ముందెళ్ళమ్మా" అంది. "నేను వెనకాల వస్తాలే."

"నేను ముందు వెళ్ళను" అన్నాను. "నువ్వు కదిలేదాకా ఇక్కడే నిలబడతాను. నడిస్తే ఇద్దరం కలిసే."