తాను చెప్పని వీడ్కోలు

భర్త కోర్మక్ శిక్షణ ఇచ్చే మగపిల్లల జట్టు జెర్సీలు, శనివారం మ్యాచ్ కాగానే తిన్నగా డెర్వ్లా వంటింటికే చేరేవి. నానబెట్టి, బురద పోయేదాకా చేత్తో రుద్ది, ఆ తర్వాతే మెషిన్లో వేయాలి. లిమెరిక్ ఊళ్ళో వానకి బయట ఏదీ ఆరదు. ఇల్లంతా తడిబట్టలే.

"నీ చేయి మా వాడి జట్టుకి అచ్చొచ్చిందమ్మాయ్," అనేది అత్తగారు ఫిలొమినా.

డెర్వ్లా రగ్బీలో ఐర్లాండ్‌కి ఆడేది. రెండు జట్లూ మెడలూ భుజాలూ ఆనించి తోసుకునే స్క్రమ్‌లో ముందు వరుస. ఇంగ్లండ్ వాళ్ళని అడుగడుగునా వెనక్కి నెట్టి వచ్చిన రోజున అదే అత్తగారు చుట్టాలందరి ముందూ, "ఆ మెడకి ఇక గొలుసేం నప్పుతుందే తల్లీ!" అని నవ్వింది. కోర్మక్ కూడా నవ్వాడు. అప్పుడు డెర్వ్లాకి కోపం రాలేదు. జాతీయ జట్టునుంచి మొదటి పిలుపొచ్చినప్పుడు తనని ఎత్తుకుని వీధిలో గిరగిరా తిప్పినవాడు అతనే మరి. ఆసుపత్రిలో నర్సు డ్యూటీ, ఇంటి పని, ఆ రెండింటి మధ్య మిగిలిన కాస్త సమయంలో ఆట. మోకాలికి ఆపరేషన్ అయ్యాక పళ్ళు బిగబట్టి మళ్ళీ నడక, మళ్ళీ పరుగు. ఇదంతా చూసిన మనిషి తన పక్షమే అనుకుంది.

ప్రపంచకప్ జట్టులో ఆమె పేరు లేదు. ఆ సాయంత్రం సోఫాలో ముడుచుకుని ఏడుస్తుంటే కోర్మక్ టీ పెట్టి తెచ్చాడు. "పోనీలే బంగారం, వాళ్ళకి కళ్ళు లేవు," అంటూ తల నిమిరాడు. అతని ఒళ్ళోనే నిద్రపోయింది.

తర్వాతి ఆదివారం పొద్దున క్లబ్బు మైదానంలో అమ్మాయిల ఆట చూడటానికి జాతీయ జట్టు మేనేజరు అసంప్టా వచ్చింది. డెర్వ్లాని చూడగానే ముఖం ముడుచుకుంది.

"ఇన్నేళ్ళు కలిసి తిరిగాం. మానేస్తున్నానని నీ నోటితో నువ్వు చెప్పకూడదా? మీ ఆయన చేత చెప్పిస్తావా?"

"ఏం చెప్పించాను?"

అసంప్టా తెల్లబోయింది. "మోకాలు ఇక సహకరించడం లేదనీ, పిల్లల్ని కనాలనుకుంటున్నావనీ, నాతో చెప్పుకోలేక ఏడుస్తున్నావనీ ఫోన్ చేశాడు. అప్పటికి నీ పేరు జట్టులో ఉంది డెర్వ్లా. నేనే తీయించాను."

ఇంటికొచ్చేసరికి ఫిలొమినా బంగాళాదుంపలు వడ్డిస్తోంది. కోర్మక్ మాంసం కోస్తున్నాడు.

"అసంప్టాకి ఫోన్ చేశావా?"

కత్తి ఆగింది. "నీ మంచికే చేశాను. ముప్పై మూడేళ్ళు నిండాయి. ఎప్పటికి ఆపుతావు?"

"నన్ను అడిగావా?"

"అడిగితే వద్దంటావని తెలుసు."

"వాడి తప్పేముందే? చెయ్యమన్నది నేనే," అంది ఫిలొమినా గిన్నెలోంచి తల ఎత్తకుండా.

డెర్వ్లా కుర్చీ వెనక పట్టుకుని నిలబడిపోయింది. జట్టులో చోటు పోయిందన్న బాధ ఎక్కడో దూరంగా ఉంది. పేరు తీయించిన మనిషే, పేరు లేదని ఏడుస్తున్న తన తల నిమిరాడు. పోనీలే అన్నాడు. వాళ్ళకి కళ్ళు లేవన్నాడు. ఆ ఒళ్ళోనే తను నిశ్చింతగా నిద్రపోయింది.

అక్కడే నిలబడి అసంప్టాకి ఫోన్ కలిపింది. "నా మోకాలు బాగానే ఉంది. ఎవరికైనా దెబ్బ తగిలితే నన్ను పిలవండి. పిలవకపోయినా సరే, క్లబ్బుకి ఆడుతూనే ఉంటాను. నా సంగతి ఇకనుంచి నన్నే అడగండి."

"ఎంత రాద్ధాంతం చేస్తున్నావు!" కోర్మక్ గొంతు పెంచాడు. "ముందు కూర్చుని తిను. నువ్వు మానేస్తున్నావని ఊరంతటికీ తెలిసిపోయింది. ఇప్పుడు నలుగురికీ నేనేం చెప్పాలి?"

డెర్వ్లా తలుపు దగ్గర కోటు తొడుక్కుంది.

"నేను మానేసిన మాట నిజమేనని చెప్పు," అంది. "మానేసింది ఆట అనుకోవడమే వాళ్ళ పొరపాటని చెప్పు."